ఇద్దరే వెళ్ళవచ్చునా?

రాయచోటి ప్రాంతం నుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ నెల మా ముందున్నది. ఊరు, పేరు బయటపెట్టవద్దని కోరారు కనుక పెట్టడం లేదు. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. ఈ డిసెంబరుకు వారి వివాహమై పన్నెండేళ్ళు నిండుతాయి. నికాహ్ జరిగిన రెండు నెలలకే ఆయన విమానం ఎక్కారు. ఆ తరువాత రెండేళ్ళకు ఒకమారు రాక, వచ్చినప్పుడల్లా రెండు నెలల సెలవు. అటువంటి సెలవులు ఐదు గడిచాయి. ఆ సోదరి కూర్చుని లెక్క కట్టుకున్నారు. పన్నెండేళ్ళ సంసారంలో భార్యాభర్తలు కలిసి ఒక ఇంట్లో ఉన్నది పన్నెండు నెలలు. ఆ పన్నెండు నెలలలోనూ ఇంటినిండా బంధువులే. ఆయన వచ్చారని తెలియగానే చుట్టాలు దిగుతారు, పెట్టెలు విప్పుతారు, సెంటు సీసాలు పంచుతారు, దావతులు నడుస్తాయి, ఆగిపోయిన పెళ్ళి సంబంధాలు, పొలం తగాదాలు అన్నీ ఆయన కోసమే ఎదురుచూస్తూ ఉంటాయి. చూస్తూ ఉండగానే టికెట్టు తేదీ వచ్చేస్తుంది.

ఈసారి భర్త ఫోనులో ఒక మాట అన్నారట. “పిల్లలను అమ్మ దగ్గర ఉంచి మనిద్దరమే రెండు రోజులు గండికోటకు వెళ్ళివద్దాం. కోట చూద్దాం, కొండల్లో కాస్త నడుద్దాం.” వారికి ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి పదకొండేళ్ళు, అబ్బాయికి తొమ్మిది, చిన్నవాడికి ఐదు. అత్తగారు విని ఏమీ అనలేదట. ఆడబిడ్డ మాత్రం ఊరుకోలేదు. “పిల్లలను వదిలేసి మొగుడితో కొండలెక్కుతావా? నువ్వేం తల్లివి?” అన్నారట. ఇది పాపమా, ధర్మసమ్మతమేనా అని ఆ సోదరి ప్రశ్న. ఉత్తరం చివర మరొక వాక్యం వ్రాశారు. అది ప్రశ్న కాదు. “హజ్రత్, ఆయన ఎదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో నాకు తెలియడం లేదు.”

షరీఅత్ దృష్టిలో జవాబు చిన్నదే. స్త్రీ తన భర్త వెంట ప్రయాణం చేయడం ధర్మసమ్మతం. ప్రయాణంలో స్త్రీకి తోడుగా భర్త గాని, మహ్రమ్ గాని ఉండాలన్న నియమం ఇక్కడ నెరవేరుతూనే ఉన్నది. పిల్లలను సురక్షితమైన చేతులలో ఉంచి వెళితే అది వారి హక్కును కాలరాయడం కాదు. కనుక పాపమన్న మాటకు ఆధారం లేదు. కాని ఒక్క ‘జాయిజ్’ అన్న మాట వ్రాసి పంపితే ఆ సోదరికి అన్యాయం చేసినట్లే. ఆమెను నిలదీసింది షరీఅత్ కాదు. ‘నువ్వేం తల్లివి’ అన్న మాట.

ఆ మాట ఎక్కడి నుండి పుట్టిందో కొంచెం ఆలోచిద్దాం. మన ఇళ్ళలో మగవారు నలభై రోజులు, నాలుగు నెలలు జమాఅత్‌లో వెళతారు. మంచిదే. వ్యాపారం కోసం ముంబైకో, సూరత్‌కో వెళ్ళి పదిహేను రోజులు ఉంటారు. గల్ఫ్ దేశాలలో ఏళ్ళతరబడి ఉంటారు. చిన్నవాడు పుట్టిన సంవత్సరానికి గాని తండ్రి ముఖం చూడని ఇళ్ళు రాయచోటి చుట్టుప్రక్కల ఎన్ని లేవు! వారిని ఎవరైనా ‘నువ్వేం తండ్రివి’ అని అడిగారా? అడగలేదు, అడగకూడదు కూడా. ఎందుకంటే వారి కష్టంతోనే ఇల్లు నడుస్తున్నది. అయితే పన్నెండేళ్ళు పిల్లలను ఒంటరిగా మోసిన తల్లి, రెండు రాత్రులు వారిని దాదీ దగ్గర ఉంచి భర్త వెంట వెళతానంటే ఆమె తల్లితనమే ప్రశ్నార్థకమైపోతుందా? ఇద్దరిని తూచడానికి రెండు వేర్వేరు తక్కెడలు వాడుతున్నాము. తూనికల విషయంలో ఖుర్ఆన్ ఎంత కఠినంగా హెచ్చరించిందో ప్రతి ముస్లింకు తెలుసు. ఆ హెచ్చరిక అంగడిలోని తక్కెడకే పరిమితమని మేము అనుకోవడం లేదు.

ఇక ఎడబాటు విషయం. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనా వీధులలో పహరా తిరుగుతూ, ఒక ఇంటి లోపల నుండి, యుద్ధానికి వెళ్ళిన భర్తను తలచుకుని విలపిస్తున్న స్త్రీ గొంతు విన్నారు. విని ఊరుకోలేదు. తన కుమార్తె, విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి) వద్దకు వెళ్ళి, భర్తకు దూరంగా ఒక స్త్రీ ఎంతకాలం ఓర్చుకోగలదని అడిగారు. తండ్రి అటువంటి ప్రశ్న అడిగినప్పుడు ఆ కుమార్తె సిగ్గుపడ్డారని, అయినా జవాబు చెప్పారని ఉల్లేఖనాలు తెలుపుతున్నాయి. నాలుగు నెలలని కొన్ని ఉల్లేఖనాలలో, ఆరు నెలలని మరికొన్నింటిలో ఉన్నది. ఆ పరిమితిని మించి సైనికులను ఇళ్ళకు దూరంగా ఉంచవద్దని ఖలీఫా ఆజ్ఞ పంపారు. గమనించండి, అది యుద్ధకాలం, సరిహద్దులలో ప్రతి సైనికుడూ అవసరమే. అయినా ఒక స్త్రీ విలాపం ప్రభుత్వ ఆజ్ఞగా మారింది. మన దగ్గర రెండేళ్ళన్నది మామూలు లెక్క అయిపోయింది. వీసా, అప్పు, చెల్లెలి పెళ్ళి, ఇంటి పునాది, ఇలా కారణాలు ఉంటాయని మాకు తెలుసు. భార్య సమ్మతితో దూరంగా ఉంటే నింద లేదు. కాని ఆ సమ్మతిని ఎప్పుడైనా నోరు తెరిచి అడిగారా అన్నదే ప్రశ్న.

దైవప్రవక్త (సఅసం) ప్రయాణాలను చదివేటప్పుడు మనం యుద్ధాలను, ఒప్పందాలను చూస్తాము. ఆ ప్రయాణాలలోనే ఒక దాంపత్యం కూడా నడిచింది. ప్రయాణానికి బయలుదేరేటప్పుడు ఆయన తన సతీమణుల మధ్య చీట్లు వేసి, ఎవరి పేరు వస్తే వారిని వెంట తీసుకుని వెళ్ళేవారు. రాత్రివేళ దారిలో హజ్రత్ ఆయిషా (రజి) ఒంటె ప్రక్కనే తన ఒంటెను నడుపుతూ ఆమెతో మాట్లాడుతూ సాగేవారు. ఒక ప్రయాణంలో వెంట ఉన్నవారిని ముందుకు సాగమని చెప్పి, ఆమెతో పరుగు పందెం వేశారు. అప్పుడు ఆమె సన్నగా ఉండేవారు, గెలిచారు. కొన్నేళ్ళ తరువాత మరొక ప్రయాణంలో మళ్ళీ పందెం. ఈసారి ఆమె కొంత ఒళ్ళు చేశారు, ఆయన గెలిచారు. నవ్వుతూ, ఇది ఆనాటి దానికి బదులన్నారు. ఈ హదీసును మేము విద్యార్థులకు చెప్పేటప్పుడు ఒక విషయం ప్రత్యేకంగా ఎత్తి చూపుతాము. సహచరులను ముందుకు పంపించారు. అంటే ఆ కాసేపు నలుగురి కళ్ళకు, నలుగురి పనులకు దూరంగా తమ ఇద్దరికే కేటాయించుకున్నారు. భార్యాభర్తలకు అటువంటి ఏకాంతం అవసరమని ఇంతకంటే ఎవరు చెప్పాలి?

మరొక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) హారం పోయింది. అది వెతకడానికి మొత్తం బృందం ఆగిపోయింది. ఆ చోట నీరు లేదు. ప్రజలు వెళ్ళి హజ్రత్ అబూబక్ర్ (రజి)కు ఫిర్యాదు చేశారు. ఆయన కోపంతో వచ్చి కుమార్తెను మందలించారు, ప్రక్కలో పొడిచారు. ఆమె కదలలేదు. ఎందుకంటే దైవప్రవక్త (సఅసం) ఆమె ఒడిలో తల పెట్టుకుని నిద్రిస్తున్నారు. కదిలితే నిద్రాభంగమవుతుంది. తెల్లవారింది, నీరు లేదు. అప్పుడే తయమ్ముమ్ ఆయతు అవతరించింది. చివరకు ఒంటెను లేపితే దాని క్రిందనే హారం దొరికింది. భార్య వస్తువు పోయిందని దారిలో ఆగిన ఆ ఆలస్యం ఉమ్మత్ మొత్తానికి ప్రళయదినం వరకు ఒక సౌలభ్యంగా మారిందన్న సంగతిని తలచుకున్నప్పుడల్లా మా మనస్సు ఆర్ద్రమవుతుంది.

హజ్రత్ సఫియ్యా (రజి) ఒంటె ఎక్కడానికి ఆయన తన మోకాలిని మెట్టుగా పెట్టారు. స్త్రీలు కూర్చున్న ఒంటెలను వేగంగా తోలుతున్న అంజషాను, గాజు పాత్రలను మోసుకుపోతున్నట్లు మెల్లగా నడపమన్నారు. పిల్లల తల్లి అయిన హజ్రత్ ఉమ్మె సలమా (రజి) హుదైబియా ప్రయాణంలో ఆయన వెంట ఉన్నారు. అక్కడ అందరూ దిగులుతో కదలక కూర్చున్నవేళ ఆమె ఇచ్చిన సలహాయే చిక్కుముడిని విప్పింది. తల్లి అయినంత మాత్రాన స్త్రీ భర్త ప్రయాణానికి పనికిరాకుండా పోదు.

అయితే ప్రతి విహారాన్నీ సున్నత్ అని పిలవడానికి మేము సిద్ధంగా లేము. ప్రయాణం శిక్షలో ఒక భాగమని, అది మనిషి నిద్రకు, తిండికి అడ్డు తగులుతుందని, పని ముగియగానే త్వరగా ఇంటివారి వద్దకు మరలాలని కూడా దైవప్రవక్త (సఅసం) బోధించారు. ప్రక్కింటివారు ఊటీ వెళ్ళారని మనమూ వెళ్ళడం, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడానికే కొండ ఎక్కడం, వాయిదా దాటిన బాకీ తీర్చకుండా ఆ డబ్బుతో గది బుక్ చేయడం, ఇవన్నీ వేరే సంగతి. అప్పు ఉన్నవారు ముందు అప్పు ఇచ్చినవారితో మాట్లాడుకోవాలి. వ్రాయవలసిన విషయమున్న ముస్లిం, వీలునామా వ్రాసి ఉంచుకోకుండా రెండు రాత్రులు గడపరాదన్న హితవు ఒకటి ఉన్నది. సరిగ్గా రెండు రాత్రుల ప్రయాణమే కదా! ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరి నుండి ఎంత రావాలి అన్నది ఒక కాగితంపై వ్రాసి ఇంట్లో ఉంచి వెళ్ళడం మంచిది.

ఇప్పుడు పిల్లల సంగతి. మా దృష్టిలో ఈ ప్రశ్న మొత్తంలో బరువైనది ఇదే. మరీ ముఖ్యంగా దాదీ సంగతి.

తల్లి లేనప్పుడు పసిపిల్లల సంరక్షణ ఎవరికి చెందుతుందన్న అధ్యాయాన్ని ఫిఖ్హ్ గ్రంథాలలో ‘హిజానత్’ అంటారు. హనఫీ ఫిఖ్హ్‌లో తల్లి తరువాత తల్లి తల్లికి, ఆ తరువాత తండ్రి తల్లికి, తరువాత అక్కలకు, పినతల్లులకు, మేనత్తలకు ఆ హక్కు వరుసగా వస్తుంది. అది విడాకులు, మరణం వంటి సందర్భాలకు ఉద్దేశించిన చట్టం. రెండు రోజుల ప్రయాణానికి దానిని అక్షరాలా వర్తింపజేయనక్కరలేదు. కాని ఆ వరుసను చూస్తే, పసివారిపై వాత్సల్యం ఎవరిలో ఎక్కువగా ఉంటుందని మన ధర్మవేత్తలు భావించారో తెలుస్తుంది. నానీ దగ్గరగా ఉంటే ఆమెనూ అడగవచ్చు.

‘అడగవచ్చు’ అన్నాము. ఆ సోదరి ఉత్తరంలో మమ్మల్ని ఆపివేసిన మాట, “అత్తగారు ఏమీ అనలేదు” అన్నది. మన ఇళ్ళలో వృద్ధస్త్రీల మౌనాన్ని అంగీకారమని అనుకోవడం అలవాటైపోయింది. నికాహ్ సమయంలో కన్య మౌనమే అంగీకారమన్నది నిజమే. అరవై ఏళ్ళ దాదీ విషయంలో అటువంటి సూత్రం ఏదీ లేదు. ఆమె మోకాళ్ళు నొప్పులేమో, రాత్రిళ్ళు కన్ను సరిగా కనిపించదేమో, ఐదేళ్ళవాడి వెంట పరుగెత్తలేననే బెంగ ఉన్నదేమో. ‘కొడుకు రెండేళ్ళకు వచ్చాడు, వచ్చీ రాగానే భార్యను తీసుకుని వెళతానంటున్నాడు’ అన్న చిన్న నొప్పి కూడా ఉండవచ్చు. అది అసూయ కాదు. ఆమె కూడా రెండేళ్ళుగా వాకిలి వైపు చూస్తున్నది. మనుమలను చూసుకోవడం ఆమె ధర్మపరమైన విధి కాదు, ఆమె చేసే ఉపకారం. ఉపకారం చేసేవారిని నోరు తెరిచి అడగాలి. అడగవలసింది కోడలు కాదు, కొడుకు. వచ్చిన మొదటి వారం అమ్మ దగ్గర కూర్చుని, ఆమె మాట విని, ఆమెను డాక్టరుకు చూపించవలసి ఉంటే చూపించి, ఆ తరువాత అడగాలి. “అమ్మా, ఫలానా రోజు నుండి రెండు రాత్రులు పిల్లలు నీ దగ్గర ఉంటారు, నీకు వీలవుతుందా?” అని. వీలు కాదంటే మరొక మార్గం చూడాలి. వంటకు ఎవరినైనా సాయంగా పెట్టి, ఆ ఖర్చు భర్తే భరించాలి. ఆడబిడ్డ మాటకు కూడా సగం మందు ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం. తల్లిపై భారం పడుతుందన్న బాధ కొన్నిసార్లు వదినపై కోపంగా బయటికి వస్తుంది.

పిల్లలకు నిజం చెప్పి వెళ్ళండి. వాళ్ళు నిద్రపోతుండగా తెల్లవారుజామున జారుకోవడం, ఆస్పత్రికి వెళుతున్నామని అబద్ధం చెప్పడం వద్దు. ఒక తల్లి తన బిడ్డను ‘ఇటు రా, నీకొకటి ఇస్తాను’ అని పిలిస్తే, ఏమి ఇవ్వదలచావని దైవప్రవక్త (సఅసం) ఆమెను అడిగారు. ఖర్జూరం ఇవ్వదలచానని ఆమె చెప్పారు. ఏమీ ఇవ్వకపోయి ఉంటే అది నీ లెక్కలో ఒక అబద్ధంగా వ్రాయబడేదని అన్నారు. ఒక్క ఖర్జూరం విషయంలోనే ఇంత ఉంటే, రెండు రోజులు కనిపించకుండా పోయి చెప్పిన అబద్ధాన్ని ఏమనాలి? పైగా ఈ పిల్లలకు ఒక అనుభవం ఇదివరకే ఉన్నది. అబ్బా బ్యాగు సర్దితే రెండేళ్ళు కనిపించరు. ఈసారి బ్యాగు సర్దుతున్నది అబ్బా, అమ్మీ ఇద్దరూ. చిన్నవాడు ఏమనుకుంటాడు? కనుక వాడిని కూర్చోబెట్టి, వేళ్ళపై లెక్కపెట్టి చూపించాలి. ఇవాళ, రేపు, ఎల్లుండి సాయంత్రం వస్తాము. చెప్పిన సాయంత్రానికే రావాలి. ఒక రోజు పొడిగించే ఆలోచన వద్దు.

పెద్దమ్మాయికి పదకొండేళ్ళే. తమ్ముళ్ళ బాధ్యత మొత్తం ఆమెపై వేసి వెళ్ళకండి. మన ఇళ్ళలో పెద్దకూతురిని చిన్న తల్లిని చేసే దురలవాటు ఒకటి ఉన్నది.

తండ్రి ఉన్న అరవై రోజులలో పిల్లల వాటా ఏమిటని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అరవైలో రెండు రోజులు భార్యకు ఇస్తే యాభై ఎనిమిది మిగులుతాయి. అందులో ఒక రోజు పిల్లలను తీసుకుని మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండకు వెళ్ళిరావచ్చు. పూర్వం దానిని ఏనుగు మల్లమ్మ కొండ అనేవారు. 19వ శతాబ్దంలో కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ వేసవి విడిదిగా అక్కడ ఇల్లు కట్టుకోవడంతో ఆ పేరు స్థిరపడింది. సముద్రమట్టానికి నాలుగు వేల అడుగులకు పైన ఉన్నది. గాలిబండ మీద నిలుచుంటే పిల్లల టోపీలు ఎగిరిపోతాయి. వారికి అది చాలు. ఈ ప్రయాణం ముందు జరిగితే మరీ మంచిది. అమ్మీ, అబ్బా తమను మరచి వెళ్ళడం లేదని వారికి నమ్మకం కుదురుతుంది.

దంపతుల కోసం గండికోటను ఎన్నుకున్న ఆ సోదరుని అభిరుచి మాకు నచ్చింది. కడప నుండి జమ్మలమడుగుకు బస్సులున్నాయి. అక్కడి నుండి కోట సుమారు పదిహేను కిలోమీటర్లు. ఎర్రమల కొండలను పెన్నా నది కోసుకుంటూ పోవడం వలన ఏర్పడిన లోయ అది. ఆ గండి వల్లనే కోటకు ఆ పేరు. నిట్టనిలువుగా దిగిపోయే ఎర్రని బండలు, పొరలు పొరలుగా పుస్తకాల దొంతరలా కనిపిస్తాయి. పర్వతాలలో తెల్లని, ఎర్రని, కారునల్లని చారలను గురించి సూరతు ఫాతిర్ ప్రస్తావిస్తుంది. ఆ వెంటనే, దాసులలో జ్ఞానం కలవారే అల్లాహ్‌కు భయపడతారన్న విషయం వస్తుంది. మేము మా విద్యార్థులతో అక్కడికి వెళ్ళినప్పుడు, తరగతిలో ఎన్నోమార్లు వల్లించిన ఆ రెండు విషయాల మధ్య సంబంధం ఏమిటో ఒక విద్యార్థి ఆ అంచున కూర్చుని తనంతట తానే చెప్పాడు. తరగతి గదిలో మేము అంత బాగా చెప్పలేదు.

కోట లోపల జామియా మస్జిద్ ఉన్నది. దాని ప్రక్కనే పెద్ద ధాన్యాగారం, కొంత దూరంలో మాధవరాయ, రంగనాథ ఆలయాలు, పావురాల గోపురం, కోనేరు. పెమ్మసాని నాయకుల ఏలుబడిలో ఉన్న ఈ కోటను గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పట్టుకున్నాడు. ఇస్ఫహాన్ ప్రాంతపు ఒక నూనె వర్తకుని కుమారుడతడు. వజ్రాల వ్యాపారంలో గుమాస్తాగా ఈ గడ్డకు వచ్చి, తానే గనులకు అధిపతియై, స్వంత సైన్యాన్ని పోషించే స్థాయికి ఎదిగాడు. ఫ్రాన్స్ దేశపు రత్నాల వర్తకుడు టావెర్నియే 1652లో అతడిని గండికోటలోనే కలుసుకున్నాడు. ఆ తరువాత మీర్ జుమ్లా గోల్కొండ సుల్తానును వీడి మొఘలుల కొలువులో చేరాడు, బెంగాల్ సుబేదారు అయ్యాడు, అస్సాం దండయాత్ర నుండి జబ్బుపడి తిరిగి వస్తూ 1663లో మరణించాడు. ఇల్లు వదిలి సంపాదనకు పరాయి దేశం వెళ్ళిన మనిషి కథ కువైట్ నుండి వచ్చినవారికి ఎవరూ విడమర్చి చెప్పనక్కరలేదు. పూర్వులు ఏమయ్యారో భూమిలో తిరిగి చూడమని ఖుర్ఆన్ పదే పదే చెబుతుంది. చూసేందుకు తగిన చోటు ఇది.

నడక గురించి కొన్ని మాటలు. రాయలసీమ ఎండలు తెలిసినవే. నవంబరు నుండి ఫిబ్రవరి వరకే అక్కడ పగటిపూట హాయిగా తిరగవచ్చు. ఫజ్ర్ చేసుకుని బయలుదేరి, ఎండ ముదరక ముందే లోయ అంచు నుండి మరలడం మేలు. బండలపై చెప్పులు జారుతాయి, పట్టు ఉన్న బూట్లు కావాలి. పర్దా నడకకు అడ్డమన్న అపోహ వద్దు. కాళ్ళకు చుట్టుకోని, నేలపై ఈడ్చుకోని బురఖా వేసుకుంటే చాలు. ఎత్తుకు ఎక్కేటప్పుడు అల్లాహు అక్బర్ అని, దిగేటప్పుడు సుబ్‌హానల్లాహ్ అని పలికేవారమని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. భార్యాభర్తలు ఇద్దరూ ఆ మాటలు పలుకుతూ నడిస్తే ఆయాసం కూడా ఇబాదత్ అవుతుంది.

అంచు దగ్గర జాగ్రత్త. చాలా చోట్ల కటకటాలు లేవు. చుట్టుగోడ లేని మిద్దెపై నిద్రించేవాని రక్షణకు ఎవరి బాధ్యతా ఉండదని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. మిద్దె సంగతే అటువంటిదైతే, లోయ అంచున వెనుకకు అడుగులు వేస్తూ సెల్ఫీ తీసుకునేవాని సంగతి ఏమిటి? మీకు ఇంటి దగ్గర ముగ్గురు పిల్లలున్నారు. రాత్రి బసకు పర్యాటక సంస్థ వారి హరిత హోటల్ ఉన్నది. అంచు సమీపంలో గుడారాలు అద్దెకు ఇచ్చేవారూ ఉన్నారు. భార్యతో వెళ్ళినవారికి గుడారం కంటే తలుపు గల గదియే మేలని మా అభిప్రాయం. ఎక్కడ దిగినా, అక్కడి సృష్టి కీడు నుండి అల్లాహ్ పరిపూర్ణ వచనాల శరణు కోరే దుఆ చదువుకోవాలి. రాత్రివేళ దారిమీద బస చేయవద్దని, అది జంతువులు, పురుగులు తిరిగే చోటని హదీసులో ఉన్నది. గుడారం వేసేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

నమాజు సంగతి. ప్రయాణికునికి జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జులు నాలుగుకు బదులు రెండు రకాతులు. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. దూరాన్ని మన ప్రాంతపు హనఫీ ఉలమాలలో చాలామంది సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కిస్తారు, 92 కిలోమీటర్లని చెప్పేవారూ ఉన్నారు. రాయచోటి నుండి కడప మీదుగా గండికోటకు వెళ్ళేవారు ఏ లెక్కన చూసినా ముసాఫిర్లే. ఊరి చివరి ఇళ్ళు దాటినప్పటి నుండి ఖస్ర్ మొదలవుతుంది. నడకకు వెళ్ళేటప్పుడు తాగడానికే కాక వుజూకు కూడా నీరు తీసుకుని వెళ్ళండి. నీరు ఒక మైలు లోపల దొరికే అవకాశం ఉండగా బద్ధకంతో తయమ్ముమ్ చేస్తే చెల్లదు. ఖిబ్లా మనకు పడమర, కొంచెం ఉత్తరానికి మొగ్గి ఉంటుంది.

ఇక ఆ సోదరి చివరి వాక్యం. ఏం మాట్లాడాలో తెలియడం లేదన్నారు. పన్నెండేళ్ళుగా వారి మాటలన్నీ ఫోనులోనే సాగాయి. ఫోనులో ఏం మాట్లాడుకుంటారు? డబ్బు అందిందా, ఫీజు కట్టావా, అమ్మకు మందులు తెచ్చావా. అవి సంసారపు మాటలే, కాదనము. కాని అవి మాత్రమే మిగిలితే భార్య ఒక గుమాస్తా, భర్త ఒక బ్యాంకు అయిపోతారు. నడక మంచి ఉపాయం. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాట ప్రక్కప్రక్కన నడుస్తుంటే వస్తుంది. మొదటి గంట మౌనంగా గడిచినా కంగారు పడవద్దు. ఆడబిడ్డ అన్న మాటను, పాత తగాదాలను కొండపైకి మోసుకుపోవద్దు. ఇంటికి పగలు ఒకమారు, రాత్రి ఒకమారు ఫోను చేసి, మిగతా వేళ దానిని సంచిలో వేయండి.

అయితే ఒక్క విషయం మాత్రం తప్పక మాట్లాడుకోవాలని మా విన్నపం. ఇంకా ఎన్నాళ్ళు? ఎంత జమ అయితే తిరిగి వస్తారు? వచ్చి ఏ పని చేస్తారు? ఇంట్లో నలుగురి మధ్య ఈ ప్రశ్న అడిగితే దానికి నలుగురు జవాబు చెబుతారు, అసలు జవాబు చెప్పవలసినవారు తల వంచుకుంటారు. సోదరీ, మీరు అడగండి. సోదరా, ఆమె అడిగితే అది ఫిర్యాదు అనుకోకండి. ‘చూద్దాంలే’ అని తప్పించుకోకండి. నెలలు, రూపాయలు కాగితంపై వేసి చూపించండి. రెండేళ్ళని గాని, నాలుగేళ్ళని గాని ఒక తేదీ చెప్పండి. చెప్పలేకపోతే, ఎందుకు చెప్పలేకపోతున్నారో చెప్పండి.

తిరుగు ప్రయాణంలో పిల్లలకు ఏదైనా తీసుకుని వెళ్ళండి, దాదీని మరువకండి. అర్ధరాత్రి తలుపు తట్టేలా కాకుండా, ముందే కబురు చేసి, వెలుగుండగా చేరండి. దైవప్రవక్త (సఅసం) ప్రయాణం నుండి తిరిగి వచ్చేటప్పుడు ఇంటి పిల్లలు ఎదురు వెళ్ళేవారు. ఒకమారు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి)ను ముందు కూర్చోబెట్టుకుని, మనుమడిని వెనుక ఎక్కించుకుని, ముగ్గురూ ఒకే సవారీపై మదీనాలో ప్రవేశించారు. ఆటో మలుపు తిరిగే చోటికి చిన్నవాడు పరుగెత్తుకుని వస్తే ఆటోను ఆపి ఎక్కించుకోండి.

బస్సు ఆలస్యమై ఏదైనా నమాజు తప్పితే, ప్రయాణంలో తప్పిన జుహ్ర్, అస్ర్, ఇషాలను ఇంటికి వచ్చి ఖజా చేసినా రెండేసి రకాతులే. విత్ర్ మాత్రం మామూలుగా మూడు. కాని సమయం ఇంకా మిగిలి ఉండగానే ఊరి పొలిమేర దాటి లోపలికి వస్తే, ఇషా నాలుగు రకాతులూ చేయాలి.